రాత్రిపూట తలనొప్పి: మాత్ర వేసుకునే ముందు మూడు ప్రశ్నలు

(షామ్‌బర్గ్‌లో జరిగిన మన వేదిక వార్షిక సమావేశంలో ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగం. సభలో మాట్లాడిన తీరు మార్చకుండా ఇస్తున్నాం.)



భోజనాలకు ముందు మాట్లాడేవాడు తొందరగా ముగించాలని నాకు తెలుసు. పులిహోర వాసన మీకే కాదు, నాకూ వస్తోంది. అయినా ఒక్క అరగంట ఓపిక పట్టండి. ఈ అరగంటలో ఒక్క ఇంట్లో ఒక్క మనిషికి మేలు జరిగినా చాలు.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. ఈ చుట్టుపక్కలే ఒక ఫార్మసీ కౌంటర్ వెనక ఇరవై ఏళ్లకు పైగా నిలబడ్డాను. డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లను డాక్టర్ చూస్తాడు. వెళ్లనివాళ్లను నేను చూస్తాను. మనవాళ్లలో ఎక్కువమంది ఆ రెండో రకమే. ఇన్సూరెన్స్ లేకో, సెలవు దొరక్కో, బిల్లు భయంతోనో నేరుగా మాత్రల వరుసలోకి వస్తారు. రాత్రి తొమ్మిది దాటాక వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అంకుల్, తలనొప్పికి ఏది గట్టిగా పనిచేస్తుంది?"

ఈ సభలో ఎవరెవరున్నారో చూస్తున్నాను. పగలంతా క్లయింటు ఆఫీసులో పనిచేసి, రాత్రి హైదరాబాద్ టీమ్‌తో కాల్‌లో కూర్చునే సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు వాళ్లున్నారు. మోటెల్లో రాత్రంతా డెస్క్ దగ్గర ఉండేవాళ్లు, గ్యాస్ స్టేషన్లో, వేర్‌హౌసుల్లో, రెస్టారెంటు వంటగదుల్లో పనిచేసేవాళ్లు, చదువుకుంటూ పని చేసుకునే పిల్లలు, పిల్లల్ని చూడటానికి ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు, అందరూ ఉన్నారు. అందరికీ ఉమ్మడిగా ఉండేది ఒకటి: నిద్ర చాలదు. రెండోది: నొప్పి వస్తే మాత్ర వేసుకుని పడుకుంటాం. నేను చెప్పదలుచుకున్నది ఆ రెండో దాని గురించే. తలనొప్పి మనకేదో చెప్పడానికి వస్తుంది. అది చెప్పేది వినకుండా మాత్రతో నోరు మూయించకండి.

నేను అడగని ప్రశ్న

కొన్నేళ్ల కిందటి సంగతి. డిసెంబరు చివర్లో బాగా చలిగా ఉన్న రోజులు. మన కుర్రాడొకడు వచ్చాడు. నా బ్యాడ్జి మీద పేరు చూసి తెలుగులో పలకరించాడు. రాత్రి తలనొప్పితో నిద్ర పట్టడం లేదన్నాడు. చలికాలం, పని ఒత్తిడి, అంతే అనుకున్నాను. రోజుకి ఎన్నికి మించి వేసుకోకూడదో చెప్పి మాత్రల డబ్బా ఇచ్చి పంపేశాను.

మూడు రోజులకి మళ్లీ వచ్చాడు. ఈసారి ఐదువందల మాత్రల డబ్బా పట్టుకున్నాడు.

"ఇంత పెద్దది దేనికి బాబూ?"

"రూమ్‌లో అందరం వాడుకుంటాం అంకుల్. చౌకగా పడుతుంది కదా."

ఆ మాట వినగానే నా ఒళ్లు జలదరించింది. "అందరికీ తలనొప్పేనా?" అని అడిగాను.

"ఐదుగురిలో నలుగురికి ఉంది. ఒకడికి వాంతులు కూడా. ఫ్లూ అనుకుంటా."

"జ్వరం ఉందా?"

"లేదు."

"ఆఫీసుకెళ్లాక ఎలా ఉంటుంది?"

కాసేపు ఆలోచించాడు. "అక్కడ బానే ఉంటుంది అంకుల్. ఇంటికొచ్చి పడుకున్నాకే మొదలవుతుంది."

"ఇంట్లో ఇప్పుడెవరున్నారు?"

"ఇద్దరు పడుకున్నారు."

కౌంటర్ దగ్గరే నిలబెట్టి వాళ్లకి ఫోన్ చేయించాను. కోట్లు వేసుకుని వెంటనే బయటికొచ్చేయమని, బయటినుంచే 911కి చేయమని చెప్పించాను. మొదటి ఫోన్ ఎత్తలేదు. రెండోదీ ఎత్తలేదు. మూడోసారికి ఒకడు మత్తుగా పలికాడు. ఆ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు మీటరుతో లోపలికెళ్లి చూస్తే ఇంటినిండా కార్బన్ మోనాక్సైడ్. వాటర్ హీటర్ మీదినుంచి పొగ బయటికి పోయే గొట్టం జాయింటు ఊడిపోయి ఉంది. ఆ గదిలో పెద్ద సూట్‌కేసులు సర్దినప్పుడు తగిలి ఊడి ఉంటుందన్నారు. సాయంత్రం అందరూ ఇంటికొచ్చి వరసగా వేణ్ణీళ్ల స్నానాలు చేసేవాళ్లు. ఆ విషవాయువంతా పడకగదుల్లోకి చేరేది. అందుకే నొప్పి రాత్రిపూటే వచ్చేది.

అందరూ బతికి బయటపడ్డారు. ఒకడిని మాత్రం ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచి ఆక్సిజన్ పెట్టారు. మరి ఇంట్లో అలారం లేదా అంటే, ఉంది. సొరుగులో ఉంది! పోపు పెట్టినప్పుడల్లా గీపెడుతోందని తీసి, బ్యాటరీ పీకేసి సొరుగులో పడేశారు. అది పొగకీ, కార్బన్ మోనాక్సైడ్‌కీ కలిపి పనిచేసే అలారం.

ఆ పిల్లల్ని నేనేమీ అనలేదు. మొదటిసారి వచ్చినప్పుడే "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని నేను అడగాల్సింది. అడగలేదు. ఆ మూడు రోజుల్లో ఏదైనా జరిగి ఉంటే? అప్పటినుంచి తలనొప్పి అని ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. వాటిని ఇవాళ మీకు అప్పగిస్తున్నాను. మిమ్మల్ని మీరే అడుగుకోండి.

మొదటి ప్రశ్న: ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

మన ఊళ్లలో గ్యాస్ సిలిండర్ లీకైతే వాసన వస్తుంది. అలాగే ఏ గ్యాస్ అయినా ముక్కుకి తెలుస్తుందనుకుంటాం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. గ్యాస్, పెట్రోలు, బొగ్గు, కట్టె, ఏది సరిగ్గా కాలకపోయినా అది పుడుతుంది. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆక్సిజన్ కూర్చోవాల్సిన కుర్చీలో ఇది కూర్చుని లేవదు. మొదట తెలిసేది తలనొప్పి. తర్వాత తల తిరగడం, నీరసం, వికారం, వాంతులు, తికమక. నిద్రలో ఉన్నవాళ్లకి ఇవేవీ తెలియకుండానే ప్రాణం పోవచ్చు.

అమెరికాలో ఏటా 400 మందికి పైగా ఇలా చనిపోతున్నారని సీడీసీ చెబుతోంది. అగ్నిప్రమాదాల్లో పోయినవాళ్లు ఈ లెక్కలో లేరు. ఎమర్జెన్సీ గదులకు వచ్చేవాళ్లు ఏడాదికి లక్షకు పైనే. చలికాలంలో ఎక్కువ. మన షికాగో ప్రాంతపు చలి గురించి మీకు చెప్పనక్కర్లేదు. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 23 ఫారెన్‌హీట్ పడింది. అలాంటప్పుడు తలుపులు, కిటికీలు బిగించుకుని, హీటర్ పెంచుకుని కూర్చుంటాం. లోపలి గాలి లోపలే తిరుగుతుంది.

ఇంకో సంగతి. కోవిడ్ నాడు కొన్న వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో ఉంది. దాన్ని నమ్ముకోకండి. అది ఆక్సిజన్‌కీ, కార్బన్ మోనాక్సైడ్‌కీ తేడా పట్టలేదు. మనిషికి విషం ఎక్కుతున్నా 98, 99 అని చూపిస్తుంది.

గుర్తులు మూడు. ఇంట్లో ఒకరికి మించి నొప్పి ఉండటం. బయటికెళ్తే తగ్గి, ఇంటికొస్తే తిరగబెట్టడం. ఫ్లూలా ఉన్నా జ్వరం లేకపోవడం. ఈ మూడిట్లో ఏది ఉన్నా ఆలోచిస్తూ కూర్చోకండి. కిటికీలు తీసి చూద్దాం, కాసేపు ఆగుదాం అనొద్దు. అందరూ బయటికి రండి. బయటినుంచి 911కి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చి, చూసి, వెళ్లొచ్చని చెప్పేదాకా లోపలికి వెళ్లొద్దు.

ఇలినాయ్‌లో దీనికి చట్టం ఉంది. 2007 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పడుకునే ప్రతి గదికి 15 అడుగుల లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. అద్దె ఇంట్లో దాన్ని ఇచ్చి బిగించాల్సింది ఇంటి యజమాని. పరీక్షిస్తూ, బ్యాటరీ మారుస్తూ ఉండాల్సింది అద్దెకున్న మనం. మీ ఇంట్లో లేకపోతే యజమానికి మెసేజ్‌గానో, ఈమెయిల్‌గానో రాసి అడగండి. మొహమాటపడొద్దు, అది మీ హక్కు. అతను తెచ్చేదాకా ఆగలేమనుకుంటే ఒకటి కొనుక్కోండి. రెస్టారెంట్లో ఒక పూట తిండి ఖర్చే అవుతుంది.

పోపు సంగతీ చెప్పాలి, మనం పోపు మానేయలేం కాబట్టి. వంట మొదలుపెట్టే ముందే స్టవ్ పైన ఫ్యాన్ వేయండి, కిటికీ కొంచెం తీయండి. అలారం మోగితే దానిమీద ఉండే బటన్ నొక్కండి, కాసేపు ఊరుకుంటుంది. పీకేయొద్దు. మోతలో తేడా కూడా తెలుసుకోండి. మూడేసి మోతలు వరసగా వస్తే పొగ. నాలుగేసి మోతలు వస్తే కార్బన్ మోనాక్సైడ్. ఉండుండి ఒక్క 'కిచ్' మంటే బ్యాటరీ అయిపోయిందో, అలారం వయసే అయిపోయిందో చెబుతోందన్నమాట. వెనక తేదీ ఉంటుంది, చూడండి.

చలికి తట్టుకోలేక గ్యాస్ ఓవెన్ తలుపు తీసి ఇల్లు వెచ్చబెట్టొద్దు. ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి వేడెక్కనివ్వొద్దు, పైకెత్తే తలుపు తెరిచినా సరే. కారుని బయటికి తీసుకొచ్చాకే ఆన్ చేసి ఉంచండి. మంచు పడ్డాక ఇంటి పక్కగోడకి ఉన్న ఫర్నేస్ గొట్టాలు మూసుకుపోయాయేమో చూడండి. బొగ్గుల కుంపటి, బార్బెక్యూ లోపలికి తేవొద్దు. ఈ పుస్తకం గల్ఫ్‌లో ఉన్న మీ అన్నదమ్ములకి పంపితే ఈ ఒక్క పేరా అయినా చదవమనండి. చలి రాత్రుల్లో గదిలో బొగ్గులు పెట్టుకుని పడుకుని, తెల్లారి లేవనివాళ్లు అక్కడా ఉన్నారు.

రెండో ప్రశ్న: సరిగ్గా ఎప్పుడు వస్తోంది?

ఇంట్లో మీకొక్కరికే ఉంది, అలారం పనిచేస్తోంది. అప్పుడు గడియారం చూడండి. పడుకోబోయే ముందా, నడిరాత్రి నిద్రలేపుతోందా, తెల్లారి లేచేసరికే ఉంటోందా? మూడూ మూడు రకాలు.

పడుకోబోయే ముందు వచ్చేది ఎక్కువగా రోజంతా పోగైన నొప్పి. తలచుట్టూ పట్టీ బిగించినట్టు, మెడ వెనకనుంచి పైకి పాకినట్టు ఉంటుంది. పొద్దున్నించీ లాప్‌టాప్ ముందు తల వంచుకుని, రాత్రి మంచం మీద మళ్లీ అదే లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటే మెడ ఏం చేస్తుంది పాపం? కళ్లజోడు నంబరు మారి ఏళ్లయినా చూపించుకోకపోవడం, మధ్యాహ్నం తినకపోవడం, నీళ్లు తాగకపోవడం కూడా కారణాలే. చలికాలంలో హీటర్ గాలి పొడిగా ఉంటుంది. దాహం అనిపించకపోయినా ఒంట్లో నీరు తగ్గుతుంది.

దీనికింద ఇంకో కారణం ఉంటుంది, దాన్ని ఎవరూ కౌంటర్ దగ్గర చెప్పరు. ప్రాజెక్టు ఉంటుందా ఊడుతుందా అనే బెంగ. ఉద్యోగం పోతే హెచ్‌1బీ వాళ్లకి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఊళ్లో అప్పు. పడుకుని లైటు ఆర్పగానే ఇవన్నీ వరసగా వచ్చి కూర్చుంటాయి. ఈ నొప్పికి మాత్ర సగం మందే. మిగతా సగం ఎవరితోనైనా చెప్పుకోవడం. భరించలేనంతగా, బతుకు మీదే విరక్తి పుట్టేంతగా ఉంటే 988కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు. తప్పు కాదు, నామోషీ కాదు.

నడిరాత్రి నిద్రలేపే నొప్పిలో ఒకటి మైగ్రేన్, మన పార్శ్వపు నొప్పి. ఒకవైపు కొట్టుకుంటున్నట్టు ఉంటుంది, వికారం ఉంటుంది, వెలుతురు, చప్పుడు పడవు. తెల్లవారుజామున రావడం దానికి అలవాటు. నిద్ర తక్కువైనా వస్తుంది, ఆదివారం పన్నెండింటిదాకా పడుకున్నా వస్తుంది. శనివారం ఉపవాసమో, కార్తీక సోమవారమో ఉంటే కొందరికి ఆ రాత్రి తప్పకుండా వస్తుంది. అలాంటివాళ్లు డాక్టర్ని కలిస్తే రాకుండా ఆపే మందులు కూడా ఉన్నాయి.

ఇంకొకటి క్లస్టర్ తలనొప్పి. నిద్రపట్టిన గంట, రెండు గంటలకి ఒక కంటి చుట్టూ గుచ్చినట్టు మొదలవుతుంది. ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, అటువైపు ముక్కు మూసుకుపోతుంది. మనిషి పడుకోలేడు, గదిలో అటూ ఇటూ తిరుగుతాడు. పావుగంట నుంచి మూడు గంటలదాకా ఉండి పోతుంది, మర్నాడు అదే వేళకి మళ్లీ వస్తుంది. మామూలు మాత్రలు దీని దగ్గరికి కూడా చేరవు. డాక్టర్ రాస్తే మాస్కుతో ఆక్సిజన్ పీల్చడం దీనికి మంచి మందు. సైనస్ అనుకుని ఏళ్లతరబడి బాధపడేవాళ్లని చూశాను.

తెల్లారి లేచేసరికే తల బరువుగా ఉండి, లేచిన కొన్ని గంటల్లో తగ్గిపోతుంటే గురక గురించి అడగండి. మిమ్మల్ని మీరు కాదు, మీ రూమ్మేట్‌ని అడగండి. గురక పెట్టేవాడికి తెలీదు, పక్కవాడికే తెలుసు. మనం నవ్వుకుంటాం, వీడియో తీసి గ్రూపులో పెడతాం. కానీ గురక మధ్యలో ఊపిరి ఆగి, మళ్లీ ఉలిక్కిపడినట్టు పీలుస్తుంటే అది స్లీప్ అప్నియా. రాత్రంతా అలా ఊపిరి ఆగుతూ ఉంటే నిద్రపోయినా నిద్ర ఉండదు, పగలు స్టీరింగ్ మీద కునుకు పడుతుంది. మన దక్షిణాసియా వాళ్లకి పెద్దగా లావు లేకపోయినా రావచ్చు. నిద్ర పరీక్ష ఇప్పుడు ఇంట్లో పడుకునే చేయించుకోవచ్చు. సీపాప్ యంత్రం పెట్టుకుంటే చాలామందికి ఆ పొద్దుటి నొప్పి పోతుంది. ఆ వీడియో డాక్టర్‌కి చూపించండి, నవ్వులాటకి తీసింది మందుకి పనికొస్తుంది.

లేచేసరికి కణతలతోపాటు దవడలు కూడా నొప్పిగా ఉంటే రాత్రి పళ్లు కొరుకుతున్నారేమో. పళ్ల డాక్టర్ని అడిగితే రాత్రి పెట్టుకునే గార్డు ఇస్తారు.

బీపీ గురించి అందరూ అడుగుతారు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవద్దు. అది సాధారణంగా చప్పుడు చేయదు. కానీ తలనొప్పి, చూపు మసక, ఛాతీలో నొప్పి లాంటివి ఉండి, మీటరు 180/120 దాటి చూపిస్తే అది ఎమర్జెన్సీ.

మూడో ప్రశ్న: ఈ నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకున్నాను?

ఇది నా సొంత సబ్జెక్టు. తలనొప్పికి వేసుకునే మాత్రే తలనొప్పి తెస్తుందంటే నమ్మరు. కానీ నిజం. మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులో అంతకు మించో, కెఫీన్ కలిపినవి, రెండుమూడు మందులు కలిపినవి 10 రోజులో అంతకు మించో, మూడు నెలలకు పైగా వాడితే తలకి అది అలవాటైపోతుంది. మాత్ర దిగిపోగానే నొప్పి మొదలవుతుంది. నొప్పికోసం మాత్ర, మాత్రకోసం నొప్పి. ఎన్ని మాత్రలని కాదు, ఎన్ని రోజులని లెక్కపెట్టండి. ఫ్రిజ్ మీద క్యాలెండరు పెట్టి, వేసుకున్న రోజున ఒక చుక్క పెట్టండి. నెలాఖరుకి పది చుక్కలు దాటితే డాక్టర్ దగ్గరికి ఆ క్యాలెండరు పట్టుకెళ్లండి.

పేర్ల గొడవ ఒకటి. ఊరినుంచి తెచ్చుకున్న డోలో 650, క్రోసిన్‌లో ఉండేది పారాసిటమాల్. ఇక్కడి టైలెనాల్‌లో ఉండేది ఎసిటమినోఫెన్. పేర్లు రెండు, మందు ఒకటే. ఎక్సెడ్రిన్‌లోనూ అదే ఉంది, దాంతోపాటు ఆస్పిరిన్, కెఫీన్. జలుబుకి రాత్రి తాగే నైక్విల్‌లోనూ అదే. కాంబిఫ్లామ్‌లోనూ అదే, ఇబుప్రొఫెన్‌తో కలిపి. సాయంత్రం డోలో, రాత్రి నైక్విల్, నడిరాత్రి టైలెనాల్ వేసుకున్నవాడు మూడు మందులు వేసుకున్నాననుకుంటాడు. ఒకే మందు మూడుసార్లు వేసుకున్నాడు. పెద్దవాళ్లకి రోజుకి 4,000 మిల్లీగ్రాములు హద్దు. 3,000 దాటకపోవడమే మంచిది. మందు తాగే అలవాటున్నా, కాలేయం జబ్బున్నా ఇంకా తక్కువ, డాక్టర్ని అడగాలి. దాటితే కాలేయం దెబ్బతింటుంది, మొదటిరోజు ఏమీ తెలియదు కూడా. పొరపాటున ఎక్కువ వేసుకుంటే 1-800-222-1222కి ఫోన్ చేయండి. అది విషాల హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రింబవళ్లు ఉంటుంది.

ఇబుప్రొఫెన్, నాప్రోక్సెన్ లాంటివి ఖాళీ కడుపున వేసుకోవద్దు. బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్లు అడగకుండా అసలు వేసుకోవద్దు.

కాఫీ కూడా మందే అనుకోండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి ఎనిమిదింటి కాలు కోసం ఏడింటికి తాగిన కాఫీలో సగం అర్ధరాత్రికి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాములు మించొద్దని ఎఫ్‌డీఏ మాట. కానీ ఉన్నపళంగా మానేస్తే పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో తలనొప్పి వస్తుంది. వారమంతా ఆఫీసులో ఐదు కప్పులు తాగి, శనివారం ఇంట్లో ఒక్క టీతో సరిపెట్టుకునేవాళ్లకి వీకెండు తలనొప్పి అందుకే. మెల్లమెల్లగా తగ్గించుకోండి.

రాత్రి డ్యూటీ వాళ్లకు

పగలు పడుకునేవాళ్లకి నేను చెప్పేది తేలిక. గది చీకటి చేయండి, మందపాటి కర్టెన్ లేకపోతే కిటికీకి అల్యూమినియం ఫాయిల్ అంటించినా సరే. ఉదయం ఇంటికొచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోండి. డ్యూటీ రెండో సగంలో కాఫీ ఆపేయండి. సెలవు రోజున కూడా నిద్రవేళలు మరీ తలకిందులు చేయకండి. ఫోన్ మోగకుండా పెట్టి, ఇంటివాళ్ల నంబర్లు మాత్రం మోగేలా పెట్టుకోండి. ఎండాకాలంలో మనకీ ఇండియాకీ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. ఇంటికి ఫోన్ చేసే వేళ ఒకటి ముందే ఖాయం చేసుకుంటే అమ్మకీ నిశ్చింత, మీకూ నిద్ర.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి: ప్రతి కాలూ మీరే తీసుకోనక్కర్లేదు. టీమ్‌లో వారానికొకరు వంతులవారీగా పెట్టుకోమని అడగండి. అడిగితే ఉద్యోగం పోదు. అడక్కపోతే ఆరోగ్యం పోతుంది.

ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ల గురించి

యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోవద్దు. కణతల దగ్గర నొప్పి, తల దువ్వుకుంటే నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం ఉంటే అది రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యం చేస్తే చూపు పోతుంది. "ఇండియా వెళ్లాక చూపిద్దాంలే" అనొద్దు, అదే రోజు చూపించండి. రోజూ రాత్రి ఒకే వేళకి అలారం పెట్టినట్టు లేపే నొప్పి కూడా ఆ వయసులో ఒకటుంది. హిప్నిక్ తలనొప్పి అంటారు, 1988లో మొదటిసారి వివరించారు. విచిత్రమేమంటే దానికి నిద్రకి ముందు కాఫీ ఇస్తారు! కానీ అది డాక్టర్ తేల్చాల్సిన మాట, మనం కాదు.

ఇక ఆగకూడని గుర్తులు

ఇవి రాసుకోండి. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా, జన్మలో ఎరగనంత నొప్పి. ముఖం ఒకవైపు జారడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం. తలకి దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి. ఫిట్స్, స్పృహ తప్పడం. గర్భిణికి, బాలింతకు వచ్చిన గట్టి తలనొప్పి. వీటికి 911. పడుకుంటే, దగ్గితే ఎక్కువై, తెల్లారి వాంతులు చేయిస్తూ రోజురోజుకీ పెరిగే నొప్పి కూడా ఆగదగ్గది కాదు.

"బిల్లు?" అంటారు. ఆ భయం నాకు తెలుసు, నేనూ స్టూడెంట్ వీసా మీద వచ్చినవాణ్నే. 1986 నుంచి ఈ దేశంలో చట్టం ఉంది. ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిన ఎవరినైనా, డబ్బున్నా లేకపోయినా, వీసా ఏదైనా, ముందు పరీక్షించాలి. ప్రాణాపాయం ఉంటే నిలబెట్టాలి. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆర్థిక సాయం పద్ధతి ఒకటి తప్పనిసరిగా రాసి ఉండాలి. "ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం ఇవ్వండి" అని మీరే నోరు తెరిచి అడగాలి. ఇంగ్లీషు తడబడితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలనండి. దానికి మీరు డబ్బు కట్టక్కర్లేదు. ఎమర్జెన్సీ కానివాటికి ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లున్నాయి. మన వేదిక వాళ్లని అడిగితే దారి చూపిస్తారు.

ముగిస్తున్నాను. ఇంటినుంచి ఫోన్ వస్తే "ఎలా ఉన్నావు నాన్నా?" అంటే "బానే ఉన్నా" అంటాం. తల పగిలిపోతున్నా అలాగే అంటాం. వాళ్లని బెంగపెట్టకూడదని. మంచిదే. కానీ అదే మాట మనకి మనమే చెప్పుకోకూడదు, పక్క మంచం మీదివాడికి చెప్పకూడదు. ఆ ఇంట్లో నలుగురు కుర్రాళ్లూ ఎవరి మాత్ర వాళ్లు వేసుకుని, ఎవరి దుప్పటి వాళ్లు కప్పుకుని పడుకున్నారు. ఒకడు "నాకు తల నొప్పిగా ఉందిరా, నీకూ ఉందా?" అని అడిగి ఉంటే మొదటి రాత్రే బయటపడేవాళ్లు.

ఇవాళ ఇంటికెళ్లాక రెండు పనులు చేయండి. పైన చూసి అలారం ఉందో లేదో చూడండి. ఉంటే బటన్ నొక్కండి, గట్టిగా మోగాలి. సొరుగులో ఉంటే తీసి బిగించండి. రెండోది, మీ రూమ్మేట్‌ని అడగండి: "రాత్రి బాగా నిద్రపట్టిందా?"

ఇక పులిహోర చల్లారకముందే లేవండి.